‘ఓవర్‌లోడ్’ అని నేను రాసిన జాబ్ కార్డు

కరోనా ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన తర్వాతి ఏడాది, దసరా వెళ్లిన వారంలో, నన్ను దిల్‌సుఖ్‌నగర్ సర్వీస్ సెంటర్‌కు ఏరియా సూపర్‌వైజర్‌గా వేశారు. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు తయారుచేసే ఒక కంపెనీ తరఫున రిపేర్లు చూసే సెంటర్ అది. టెక్నీషియన్‌గా చేరి, సీనియర్ టెక్నీషియన్‌నై, ఇరవై ఆరేళ్లు స్క్రూడ్రైవర్ పట్టాక దక్కిన హోదా. మలక్‌పేట నుంచి అబ్దుల్లాపూర్‌మెట్ దాకా నా పరిధి. పొద్దున వచ్చిన ఫిర్యాదులను టెక్నీషియన్లకు పంచడం, ఒకే ఇంటి నుంచి మళ్లీ మళ్లీ వచ్చేవాటిని గమనించడం, సాయంత్రం వాళ్లు తెచ్చిన జాబ్ కార్డుల మీద సంతకం చేయడం నా పని. ఫిర్యాదును మేం ‘కాల్’ అంటాం.

జాబ్ కార్డు గురించి కొంచెం చెప్పాలి. ప్రతి కాల్‌కు ఒక కార్డు ఉంటుంది; దాని మీద రాసింది అదే ఇంటికి తర్వాత వెళ్లే టెక్నీషియన్ ఫోన్‌లో కనిపిస్తుంది. టెక్నీషియన్ ఏం చూశాడు, ఏం చేశాడు, చివరికి కాల్ ఎలా మూసేశాడు అన్నవి అందులో రాయాలి. మూసేయడానికి మూడు దారులు: పార్ట్ మార్చాం, సర్దుబాటు చేశాం, వాడకం లోపం. మూడోది అన్నిటికన్నా తేలిక. పార్ట్ అడగనక్కర్లేదు, మెషీన్ విప్పనక్కర్లేదు. కస్టమర్‌కు నాలుగు మాటలు చెప్పి, ‘వాడకం లోపం, కస్టమర్‌కు వివరించాం’ అని రాసి, సంతకం తీసుకుంటే చాలు. పైగా తర్వాత ఎవరైనా వారంటీ కింద పెద్ద పార్ట్ అడిగితే ఆ రాతే అడ్డం పడుతుంది. ఆ మూడో గడిని నేను నా సర్వీసులో ఎన్నిసార్లు నింపానో చెప్పలేను. అందులో ఎన్నిసార్లు నిజంగా వాడకం లోపమో ఇప్పుడు అస్సలు చెప్పలేను.

పండగకు ఊళ్లకు వెళ్లినవాళ్లు ఇంకా రాకపోవడంతో ఆ వారం కొన్ని కాల్స్ నేనే తీసుకున్నాను. వాటిలో ఒకటి మన్సూరాబాద్‌లో. రెండంతస్తుల ఇల్లు, పై వాటాలో కిరాయికి ఉంటున్న కుటుంబం. ఆమె పేరు స్వరూప. వాళ్లది పోచంపల్లి దగ్గర నేత కుటుంబం. భర్త దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల షాపులో సేల్స్‌మన్. ఇంట్లో పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయిన అత్తగారు అండాలమ్మ. రోజూ ఆమె దుప్పట్లు ఉతకక తప్పదు.

మెషీన్ ముందు తలుపున్న రకం, అంటే ఫ్రంట్ లోడ్. నీళ్లు పిండే స్పిన్‌లోకి రాగానే దడదడమని కొట్టుకుంటోందని ఫిర్యాదు. నేను వెళ్లేసరికి డ్రమ్ములో తడి దుప్పట్లు నిండుగా ఉన్నాయి. తలుపు తీసి చూశాను. నిర్ణయం అక్కడే అయిపోయింది.

“ఇది వాషింగ్ మెషీనమ్మా, డీసీఎం వ్యాన్ కాదు. ఇన్ని కుక్కితే కొట్టుకోక ఏం చేస్తుంది?” అన్నాను.

“రోజు గిన్నే ఏస్త సార్. రెండేండ్ల సంది గిన్నే ఏస్తున్న. మొన్నటి దాక మంచిగనే నడిచింది,” అందామె.

ఆ మాటలోనే సగం రోగనిర్ధారణ ఉంది. పాత అలవాటుకు కొత్త చప్పుడు వచ్చిందంటే మారింది అలవాటు కాదు, యంత్రం. కొత్తగా చేరినవాళ్లకు నేను ట్రైనింగ్‌లో చెప్పే మొదటి పాఠం అదే. ఆ రోజు నాకు ఇంకా నాలుగు కాల్స్ మిగిలి ఉన్నాయి. ఖాళీ డ్రమ్ముతో తిప్పి చూడలేదు. బెల్టు తీయలేదు. ‘ఓవర్‌లోడ్, వాడకం లోపం’ అని రాసి సంతకం తీసుకున్నాను. పావుగంట కూడా పట్టలేదు.

మెట్లు దిగుతుంటే కింది వాటాలో ఇంటి ఓనరు ఆపారు. బుచ్చిరెడ్డి గారు. ఒకప్పుడు అక్కడంతా వాళ్ల పొలాలే. డెబ్బై దాటిన మనిషి. గుండె ఆపరేషన్ అయి ముందు గదిలో మంచం మీదే ఎక్కువగా ఉంటున్నారు. మెషీన్ సరిగ్గా ఆ గది మీద ఉంది. “ఏమైందయ్య దానికి? రోజు తొమ్మిదింటికి నా నెత్తిమీద బర్రె దుంకినట్టయితుంది,” అన్నారు. మెషీన్‌కు ఏమీ కాలేదని, వాళ్లు ఎక్కువ బట్టలు వేస్తున్నారని, చెప్పానని, ఇక తగ్గిస్తారని అన్నాను. ఆయన అడిగారు సరే, నేను చెప్పాల్సిన పని లేదు. కస్టమర్ ఇంటి సంగతి మూడో మనిషికి చెప్పకూడదన్నది మా పనిలో రాసి ఉన్న నియమం. బండి స్టార్ట్ చేసేటప్పటికి ఆ మాట మరిచిపోయాను.

తర్వాత మూడు వారాల్లో ఆ ఇంటి నుంచి మరో రెండు కాల్స్ వచ్చాయి. మొదటిసారి వెళ్లిన టెక్నీషియన్ కాళ్ల కింద రబ్బరు ప్యాడ్లు పెట్టి, నీళ్లు బయటికి పోయే చోట ఉండే ఫిల్టర్ శుభ్రం చేసి వచ్చాడు. రెండోసారి ఖాజా వెళ్లాడు. మలక్‌పేట మనిషి, పద్నాలుగేళ్ల అనుభవం ఉన్నవాడు. అతను షాకర్లు, అంటే ఊపును పట్టి ఆపే కడ్డీలు, రెండూ మార్చాడు. రెండు కార్డుల మీదా సాయంత్రం నేనే సంతకం పెట్టాను. చదవకుండా పెట్టాను.

నాలుగో వారం స్వరూప స్వయంగా సెంటర్‌కు వచ్చింది. కౌంటర్ దగ్గర అమ్మాయి ఫోన్ నంబరు అడుగుతుంటే వినిపించుకోకుండా నేరుగా నా టేబుల్ దగ్గరికి వచ్చి నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

“సార్, ఎక్కువేస్తున్న అన్నరు. తక్కువేసిన. రెండు దుప్పట్లేసినా గట్లనే కొట్టుకుంటుంది. మీరు ఒక్కసారన్న ఖాళీగ తిప్పి చూసిండ్రా?”

చూడలేదని ఒప్పుకోవడానికి బదులు, మా టెక్నీషియన్లు రెండుసార్లు వచ్చారు కదమ్మా అన్నాను.

“వచ్చిండ్రు. అందరు ఫోన్ల మీరు రాసిందే చదువుతరు. ఓవర్‌లోడ్ అని ఉందమ్మ అంటరు. ఓనర్ తాత గూడ గదే అంటుండు. మీ సారే చెప్పిండు, నువ్వే మాట వింటలెవ్వు అంటుండు. ఈ నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యమన్నడు. మంచంల ఉన్న మనిషిని చూస్తే ఎవలు కిరాయికిస్తరు సార్? మా అత్తమ్మను ఏసుకొని నేనెక్కడ తిరగాలె?”

ఆమె గొంతు పెంచలేదు. ఆ రోజు ఇరవై ఒకటో తారీఖు. నాకు బాగా గుర్తుండటానికి కారణం, ఆమె వెళ్లగానే గోడ మీది క్యాలెండర్ చూసి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నం మూడు కార్డులూ మొదటిసారి చదివాను. రబ్బరు ప్యాడ్లు పెట్టిన టెక్నీషియన్ కార్డులో చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది: ‘ఫిల్టర్‌లో బూడిద రంగు పొడి, పెళ్లలు.’ దాని కింద నా సంతకం ఉంది. ఖాజాను పిలిచి అడిగాను.

“కొత్త షాకర్లు ఏసినా చప్పుడు పోలే సాబ్. లోపల ఏదో ఉందని నాకు అనుమానమైంది. కానీ మీరు ఓవర్‌లోడ్ రాసిండ్రు కద. సాబ్ చూసిండు అంటే చూసినట్టే అని నేను ముందటికి పోలే.”

మా పనిలో ఇదొక పద్ధతి. ఎవరూ నేర్పరు, అందరూ పాటిస్తారు. పైవాడు రాసిన కారణాన్ని కిందివాడు కొట్టేయడు. దాని చుట్టూ తిరుగుతాడు. నేను టెక్నీషియన్‌గా ఉన్నప్పుడు అలాగే తిరిగాను. ఇప్పుడు నా మాట చుట్టూ ఇద్దరు మంచి పనివాళ్లను తిప్పాను.

మర్నాడు ఉదయం ఖాజాను తీసుకుని వెళ్లాను. చప్పుడు ఎక్కడిదో తేలకుండా ఆ ఇంటి మెట్లు దిగకూడదని అనుకున్నాను. మిగతా కాల్స్ అన్నీ వేరేవాళ్లకు పంచేశాను.

మొదట డ్రమ్ము ఖాళీ చేసి స్పిన్ వేశాం. చప్పుడు దాదాపు లేదు. చెవి ఆనిస్తే ఎక్కడో టిక్కుమంటోంది. రెండు తడి దుప్పట్లు వేసి మళ్లీ తిప్పాం. మెషీన్ బట్టలను సమంగా సర్దుకోవడానికి రెండు మూడుసార్లు అటూ ఇటూ తిప్పి, వేగం అందుకోగానే దడదడ మొదలైంది. వెంటనే ఆపేశాం. అంటే బరువు ఎక్కువైతే వచ్చే చప్పుడు కాదు. ఏ కాస్త తడి బరువున్నా వచ్చే చప్పుడు. ఓవర్‌లోడ్ అన్న మాట అక్కడికి కొట్టుకుపోయింది.

తర్వాత బేరింగ్ సంగతి. వెనక రేకు విప్పి బెల్టు తీసి డ్రమ్మును చేత్తో తిప్పాం. బేరింగ్ పోతే తిరగలి విసిరినట్టు గరగరమంటుంది. ఇది మెత్తగా తిరిగింది. ముందుకు వచ్చి డ్రమ్ము అంచు పట్టుకుని పైకీ కిందికీ ఆడించాను. కదల్లేదు. కొంచెం తిప్పి మళ్లీ ఆడించాను. ఈసారి వేలెడంత ఆడింది. ఇంకొంచెం తిప్పితే మళ్లీ గట్టిగా ఉంది. ఖాజా నా వంక చూశాడు. బేరింగ్ పోతే డ్రమ్ము ఎటు తిప్పినా ఒకేలా ఆడుతుంది. ఒక్క చోటే ఆడుతోందంటే డ్రమ్మును ఇరుసుకు బిగించి పట్టుకునే మూడు కాళ్ల అల్యూమినియం బ్రాకెట్‌లో ఒక కాలు విరిగిందన్నమాట. మేం దాన్ని స్పైడర్ అంటాం. డ్రమ్ము వెనక దాగి ఉంటుంది. మెషీన్ మొత్తం విప్పితే గానీ కనిపించదు. ఫిల్టర్‌లో తేలిన బూడిద పొడి ఆ అల్యూమినియందే. అలాగే తిప్పుతూ పోతే ఏదో ఒక రోజు స్పిన్‌లో మిగతా కాళ్లూ విరిగి, డ్రమ్ము బయటి టబ్బును చీల్చేస్తుంది. అలాంటి మెషీన్ ముందు కూర్చునే ఆమె ఇన్నాళ్లూ బట్టలు తీసింది.

రెండేళ్లకే స్పైడర్ ఎందుకు ఇలా అరిగిపోయిందో అర్థం కాలేదు. మా వైపు బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, నిజమే. అయినా ఐదారేళ్లు పడుతుంది. స్వరూప మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకుంటూ ఆమె చేతులు చూశాను. వేళ్ల కొసలు పగిలి, అరచేతుల చర్మం పొరలుగా లేచి ఉంది. ఏమైందమ్మా అని అడిగాను.

“ఏం లేదు సార్. మిషిన్ చప్పుడైతే తాత అరుస్తుండని చేతితోనే ఉతుకుతున్న.”

సబ్బుకు చేతులు అలా కావు. ఉతికేటప్పుడు ఏం వేస్తారని అడిగాను. పౌడరే అంది, తల తిప్పుకుని. లోపలి మంచం మీద నుంచి అండాలమ్మ గొంతు వచ్చింది. మాట కొంచెం ముద్దగా ఉన్నా స్పష్టంగానే ఉంది.

“సోడ ఏస్తది. చెప్పవేందే? దొంగతనం చేసినవా? సోడ పడకుంటే దుప్పటి వాసన పోతదా? నూలు ఉడకబెట్టిన కాన్నుంచి మా చేతుల సోడనే.”

పోచంపల్లి వైపు నేత ఇళ్లలో రంగు అద్దే ముందు నూలును వాషింగ్ సోడా కలిపిన నీళ్లలో ఉడకబెడతారు. మగ్గం వదిలి పట్నం వచ్చినా సోడా వదల్లేదు. మెషీన్ కొన్నది మొదలు పౌడరుతో పాటు రోజూ పిడికెడు సోడా. అల్యూమినియానికి సోడా పడదు. తేమతో కలిసి మెల్లగా తినేస్తుంది. వంటింట్లో అల్యూమినియం గిన్నెను సోడాతో తోమినవాళ్లకు ఆ నలుపు తెలిసే ఉంటుంది.

మొదటి రోజే ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. ఆ ప్రశ్న అడిగే హక్కు నాకు లేదని నోరు దాటాక తెలిసింది.

“మీరు అడిగిండ్రా సార్? బట్టలు చూసే గంత మాటన్నరు. ఇగ సోడ అని చెప్తే అందుకే పాడయిందని రాయరా?”

రాసేవాణ్ని. ఆమె అంచనా సరైనదే.

స్పైడర్ విడిగా రాదు, డ్రమ్ముతో కలిపే వస్తుంది; మార్చాలంటే మామూలుగా మెషీన్‌ను వర్క్‌షాప్‌కు తీసుకుపోవాలి. వారం పది రోజులు పడుతుంది. వారంలో నెల అయిపోతుంది. ఇంట్లోనే, ఒక్క రోజులో చేయాలని నిర్ణయించాను. కంపెనీ పద్ధతిలో అది లేదు. బ్రాంచ్ సర్వీస్ మేనేజర్‌కు ఫోన్ చేస్తే ఆయన అభ్యంతరం వేరు: సోడా వేశారు కదా, అది వాడకం లోపమే కదా, వారంటీలో డ్రమ్ము ఎలా ఇస్తాం? నేను ఆ సాయంత్రం కూర్చుని రిపోర్టు రాశాను. మెషీన్‌తో ఇచ్చే పుస్తకంలో సోడా వేయకూడదని ఎక్కడా లేదు. మెషీన్ పెట్టిన రోజు చూపించే డెమోలో మేం చెప్పే వాటిలోనూ ఆ మాట లేదు. మనం చెప్పనిది ఆమె పాటించలేదని రాయలేం. తర్వాతి పేరాలో, మొదటి కాల్‌లో ఏ పరీక్షా చేయకుండా ‘ఓవర్‌లోడ్’ అని రాసింది నేనేనని, తర్వాతి ఇద్దరు టెక్నీషియన్లు దారి తప్పడానికి అదే కారణమని రాశాను. ఆ పేరా మూడుసార్లు చెరిపాను. మొదటిసారి ‘పని ఒత్తిడి వల్ల’ అని మొదలుపెట్టాను. అది కొట్టేశాక గానీ వాక్యం నిజం కాలేదు.

మంజూరు రావడానికి రెండు రోజులు పట్టింది. హైవే మీది గోడౌన్‌కు నేనే వెళ్లి కొత్త డ్రమ్ము, దానితో పాటు బేరింగులు, సీలు ఆటో ట్రాలీలో తెచ్చాను.

ఉదయం ఎనిమిదింటికి మొదలుపెట్టాం. కుళాయి కట్టి, ప్లగ్గు తీసి, మూత, ముందు రేకు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు, ఊపు రాకుండా పెట్టిన బరువు దిమ్మెలు, మోటారు వరుసగా తీశాం. ప్రతి వైరునూ విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. టబ్బును ఇద్దరం ఎత్తి వరండాలో పాత దుప్పటి మీద పెట్టాం. నా మోకాళ్లు అప్పటికే మొరాయిస్తున్నాయి. “సాబ్, మీరు కుర్చీల కూసోండ్రి, సూపర్‌వైజ్ చేయుండ్రి,” అన్నాడు ఖాజా. అందులో ఎంత గౌరవముందో ఎంత ఎత్తిపొడుపుందో తేల్చుకోలేదు, కింద కూర్చునే పని చేశాను.

టబ్బు రెండు ముక్కలుగా విప్పి డ్రమ్మును బయటికి లాగాం. మూడు కాళ్లలో ఒకటి మొదట్లోనే తెగిపోయి, బూడిద రంగు ముద్దతో అతుక్కుని ఉంది. రెండోది చెద తిన్న కర్రలా ఉంది, స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చితే దిగింది. స్వరూపను పిలిచి చూపించాను. ఆమె చాలాసేపు చూసింది. మంచం దగ్గరికి వెళ్లి అత్తగారికి ఏదో చెప్పింది. “గంత గట్టిదా సోడ,” అంది అండాలమ్మ. కొంచెం గర్వంగానే అన్నట్టు వినిపించింది.

సాయంత్రం నాలుగున్నరకు బిగింపు పూర్తయింది. ఖాళీగా తిప్పాం. రెండు దుప్పట్లతో తిప్పాం. చివరికి, మొదటి రోజు నేను చూసి వెటకారం చేసినన్ని దుప్పట్లూ వేసి తిప్పాం. మెషీన్ మీద పెట్టిన గ్లాసులో నీళ్లు వణికాయి, ఒలకలేదు. సోడా ఇక వేయొద్దని, వాసన పోవడానికి ముందుగా బకెట్టులో నానబెట్టి, జాడించాకే మెషీన్‌లో వేయమని చెప్పాను. ఆమె విని తలూపింది.

“ఓనర్ తాతకు మీరే చెప్పాలె సార్. నేను చెప్తే నమ్మడు. మీరు చెప్పిందే నమ్మిండు,” అంది.

మెషీన్ విప్పడం కన్నా ఆ మెట్లు దిగడం కష్టమైంది. పైన మళ్లీ స్పిన్ వేసి ఉంచమని ఖాజాకు చెప్పి వెళ్లాను. బుచ్చిరెడ్డి గారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. మెషీన్ ఇప్పుడు తిరుగుతోందని చెప్పాను. ఆయన కప్పు వైపు చూసి, చెవి పెట్టి విన్నారు. తర్వాత సంగతంతా చెప్పాను. లోపల బ్రాకెట్ విరిగిందని, బట్టలు ఎక్కువై కాదని, ఆ రోజు నేను చూడకుండా మాట్లాడానని.

“అంటే ఆ పిల్ల మొదటి సంది నిజమే చెప్పింది.”

“అవునండి.”

“నువ్వు ఊకెనే అన్నవు.”

“అవునండి.”

“నీ నోటి మాట విని నేను ఆమెను ఇల్లు ఖాళీ చెయ్యమన్న. ఇప్పుడు మల్ల నీ నోటి మాటే వినమంటున్నవు. కాయితం మీద రాసియ్యి,” అన్నారు. కార్డు వెనక తెలుగులో రాసి, పేరు, హోదా పెట్టి సంతకం చేసి ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని పూర్తిగా చదివి, దిండు కింద పెట్టుకున్నారు. “వారం సూస్త,” అన్నారు.

వారం తర్వాత ఖాజా ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఇల్లు ఖాళీ చేయాల్సిన పని లేదని ఓనరు చెప్పారట. నా రిపోర్టు మీద బ్రాంచ్ నుంచి ఒక హెచ్చరిక లేఖ వచ్చింది. అది న్యాయమే. డెమోలో చెప్పాల్సిన వాటిలో సోడా సంగతి చేరింది.

వేసవిలో అదే ఇంటి నుంచి ఫ్రిజ్ గురించి ఒక కాల్ వచ్చింది. కౌంటర్ అమ్మాయి కార్డు నా ముందు పెట్టి, కస్టమర్ ఒక మాట చెప్పమన్నారని ఇబ్బందిగా అంది: పెద్ద సార్ వద్దంట, ఖాజా అన్నను పంపమంట. కార్డు మీద ఖాజా పేరు రాసి ఇచ్చేశాను.

ఆ మెషీన్‌లో లోపం కనిపెట్టింది నేను. షాకర్లు మార్చి పొరపడింది ఖాజా. కానీ అతను ఆమె మాట నమ్మి వెతికాడు, దొరకలేదు; నేను నమ్మలేదు కాబట్టి వెతకలేదు. తర్వాత ఎంత బాగా పనిచేసినా, అది మెషీన్‌ను బాగుచేస్తుంది గానీ మొదటి రోజు అన్న మాటను వెనక్కి తీసుకోదు. రిటైరయ్యే దాకా మిగిలిన రెండేళ్లలో, పరీక్షల ఫలితాలు రాయని ఏ కార్డులోనూ మూడో గడి కింద నేను సంతకం పెట్టలేదు. దానివల్ల మా సెంటర్‌లో కాల్స్ మూయడం ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి పైవాళ్లకు సంజాయిషీ ఇవ్వడమూ సూపర్‌వైజర్ పనిలో భాగమేనని అప్పుడు తెలుసుకున్నాను. హోదా వచ్చిన రోజే తెలిసి ఉండాల్సింది.